తల కప్పుకున్నవాళ్లతో ఎలా మెలగాలి? తల కప్పుకోవాల్సిన చోటికి ఎలా వెళ్లాలి?

ఆఫీసులో మీ పక్క సీట్లోకి హిజాబ్ కట్టుకున్న అమ్మాయి వచ్చి చేరింది. మీ అబ్బాయి క్లాసులో నెత్తిన చిన్న గుడ్డ ముడి వేసుకున్న సిక్కు కుర్రాడున్నాడు. విదేశీ టూర్‌లో గైడు ముందురోజు రాత్రే చెప్పాడు, "రేపు చర్చిలోకి వెళ్తున్నాం, భుజాలూ మోకాళ్లూ కనబడితే లోపలికి రానివ్వరు" అని. ఇలాంటప్పుడు చాలామందికి పట్టుకునే టెన్షన్ ఒకటే: ఏం మాట్లాడితే ఏం తప్పో, ఏం వేసుకుంటే ఎవరు నొచ్చుకుంటారో అని. ఆ భయంతో కొందరు అసలు పలకరించడమే మానేస్తారు. ఇంకొందరు తగుదునమ్మా అని జాలి పడటం మొదలుపెడతారు. అవతలి మనిషికి రెండూ ఇబ్బందే.

ఒక్క విషయం ముందే తేల్చుకుంటే మిగతాదంతా తేలిక. ఆ మనిషి ఆ బట్ట ఎందుకు కట్టుకుందో తీర్పు చెప్పే పని మీది కాదు. ఆ బట్టతో ఆమె లేదా అతను చదువుకోవడానికి, ఉద్యోగం చేసుకోవడానికి, వైద్యం చేయించుకోవడానికి మీ వైపు నుంచి ఏ సర్దుబాటు కావాలో చూడండి చాలు.

1. చూసిందేమిటో సరిగ్గా గుర్తుపట్టండి

ముస్లిం స్త్రీల దుస్తులన్నిటినీ 'బురఖా' అని ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటు. జుట్టు, మెడ కప్పి ముఖం మొత్తం కనబడేలా కట్టుకునేది హిజాబ్. కళ్లు మాత్రం కనబడేలా ముఖానికి కట్టేది నిఖాబ్. భుజాల నుంచి కాళ్ల దాకా వదులుగా జారే పైవస్త్రం అబాయా. ఇరాన్‌లో నెత్తి మీద నుంచి ఒళ్లంతా చుట్టుకుని ముందు చేత్తో పట్టుకునే పెద్ద వస్త్రం చాదర్. కళ్ల దగ్గర కూడా జాలీ ఉండేది అఫ్గానిస్తాన్ బురఖా. ఈ తేడాలు తెలిసి ఉంటే నిజంగా పనికొస్తుంది. ఉదాహరణకు, ఆఫీసు గుర్తింపు కార్డు ఫొటో దగ్గర హిజాబ్‌తో ఏ సమస్యా ఉండదు, మాట్లాడుకుని ఏర్పాటు చేసుకోవాల్సింది నిఖాబ్ ఉన్నప్పుడే.

ఇది ముస్లింలకే పరిమితం అనుకుంటే సగమే చూసినట్టు. ఆర్థడాక్స్ యూదు స్త్రీలు పెళ్లయ్యాక జుట్టు కప్పుకుంటారు. కొందరు స్కార్ఫ్ చుట్టుకుంటారు, కొందరు విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గు పెట్టుకున్నావిడ మీ ఎదురుగా కూర్చున్నా ఆమె జుట్టు కప్పుకుందని మీకు తట్టకపోవచ్చు. మోచేతులూ మోకాళ్లూ కనబడకుండా వేసుకోవడం వాళ్లలోనూ నియమమే. అమెరికాలోని ఆమిష్ క్రైస్తవ స్త్రీలు నెత్తిన పల్చటి టోపీలాంటిది పెట్టుకుంటారు. బైబిల్‌లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం దానికి ఆధారం. కాథలిక్ సన్యాసినుల తలముసుగు ఎలాగూ అందరికీ తెలిసిందే.

మగవాళ్లకు నియమాలు లేవనుకోకండి. ఖురాన్‌లో చూపు దించుకోమనే మాట 24వ సూరా(అధ్యాయం)లో మొదట మగవాళ్లకే, 30వ వాక్యంలో వస్తుంది. స్త్రీల మాట ఆ తర్వాతిది. సహారా ఎడారిలోని టువారెగ్ తెగలో ముఖం కప్పుకునేది మగవాళ్లే, ఆడవాళ్ల ముఖాలు తెరిచే ఉంటాయి. సిక్కుల తలపాగా సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు కట్టే దస్తార్ సుమారు 5 మీటర్ల గుడ్డ. చిన్నపిల్లలు కట్టుకునేది పట్కా. అదే సిక్కు మతంలో స్త్రీలు ముఖానికి ముసుగు వేసుకోవడాన్ని మూడో గురువు అమర్ దాస్ వ్యతిరేకించారు. తల కప్పమన్న మతమే ముఖం కప్పొద్దంది. అందుకే ఒక నియమం చూసి దాని వెనక ఇంకో నాలుగు నియమాలు ఊహించుకోవద్దు.

2. మీకు తెలిసిన మర్యాదను వాళ్లకు అంటగట్టకండి

యూదుల ప్రార్థనా మందిరంలో మగవాళ్లు తల కప్పుకోవాలి. చర్చిలో మగవాళ్లు టోపీ తీసేయాలి. గురుద్వారాలో ఆడా మగా అందరూ కప్పుకోవాలి. ముగ్గురూ చూపిస్తున్నది దేవుడి ముందు వినయమే, చేసే పనులు మాత్రం ఒకదానికొకటి పొసగవు. ముఖానికి నిఖాబ్ కట్టుకునే స్త్రీ హజ్ యాత్రలో ఇహ్రామ్ అనే దీక్షలో ఉన్నంతసేపూ దాన్ని కట్టకూడదన్నది నియమం. మగవాళ్లు అక్కడ కుట్టు లేని రెండు తెల్లటి వస్త్రాలతో, తల మీద ఏమీ లేకుండా ఉంటారు. ఇక దిగంబర జైన మునులకైతే వస్త్రం వదిలేయడమే వైరాగ్యం.

ఇంత విరుద్ధంగా ఉన్నప్పుడు "ఒళ్లు ఎంత కప్పుకుంటే అంత భక్తి" అన్న లెక్క ఎక్కడా నిలబడదు. "ఎంత విప్పితే అంత స్వేచ్ఛ" అన్నదీ అంతే. ఈ రెండు కొలబద్దల్లో ఒకటి మనలో చాలామంది జేబులో ఉంటుంది. ఎదుటి మనిషి దగ్గర దాన్ని బయటికి తీయకపోతే చాలు.

3. కారణం ఊహించడం మానేయండి

హిజాబ్ కట్టుకున్న పదిమందిని కూర్చోబెడితే పది రకాల కారణాలు చెప్పొచ్చు. ఒకరికి అది దేవుడి ఆజ్ఞ. ఒకరికి అమ్మను చూసి అబ్బిన అలవాటు. ఒకమ్మాయి అమ్మ వద్దంటున్నా పంతం పట్టి మొదలుపెట్టి ఉండొచ్చు. పరాయి దేశంలో తన గుర్తింపు పోగొట్టుకోకూడదని కట్టుకునేవాళ్లున్నారు. ఇష్టం లేకపోయినా ఇంట్లో గొడవెందుకని కట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఏదీ బయటి నుంచి కనబడదు. మడతల్ని బట్టి మనసు తెలుసుకోలేం.

బలవంతం లేదని కాదు. ఇరాన్ చరిత్ర చూడండి. 1936లో అక్కడి రాజు రెజా షా తలముసుగుల్ని నిషేధించాడు. వీధుల్లో పోలీసులు ఆడవాళ్ల తల మీద గుడ్డలు లాగేశారు. కప్పుకోకుండా బయటికి రాలేక ఇంట్లోనే ఉండిపోయిన స్త్రీలున్నారు. 1941లో అతను గద్దె దిగాక ఆ ఒత్తిడి సడలింది. 1979 విప్లవం తర్వాత అదే దేశంలో ముసుగు తప్పనిసరి అయింది. 2022 సెప్టెంబర్‌లో హిజాబ్ సరిగ్గా వేసుకోలేదని పట్టుకెళ్లిన 22 ఏళ్ల మహ్సా అమీనీ నైతిక పోలీసుల కస్టడీలో చనిపోవడంతో దేశమంతా భగ్గుమంది. ఒకే దేశంలో మొదట విప్పమని, తర్వాత కట్టుకోమని లాఠీ పట్టారు. తుర్కియే (టర్కీ)లో కథ వేరు. అక్కడ ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే స్త్రీలు తలగుడ్డ కట్టుకోవడానికి 2013 దాకా వీల్లేకపోయింది.

కాబట్టి "పాపం, బలవంతంగా కట్టించారు" అని గానీ, "అంతా ఆమె ఇష్టమే" అని గానీ ముందే తేల్చేయొద్దు. మీ స్నేహితురాలు తనంతట తాను "నాకిది ఇష్టం లేదు, ఇంట్లో ఒప్పుకోరు" అని చెప్పిందనుకోండి, అప్పుడు వినండి. ఆమె మతం మీద ఉపన్యాసం అందుకోకండి. "నా వల్ల నీకేమైనా సాయం కావాలా?" అని అడగండి. ఆ మాట మీ దగ్గరే ఉండాలి, ఆఫీసులో మూడో మనిషి చెవిన పడకూడదు. అలాంటి మాట పొక్కితే మొదట నష్టపోయేది ఆమే.

4. అడగాలనిపిస్తే, అడిగే పద్ధతి తెలుసుకోండి

ఆసక్తి తప్పు కాదు. పరిచయమైన అయిదో నిమిషంలో అడగడమే తప్పు. "వేడిగా లేదా?" అన్నది ప్రపంచమంతటా హిజాబ్ కట్టుకున్నవాళ్లు విని విని విసుగెత్తిన ప్రశ్న. వేడి ఉంటే వాళ్లకూ తెలుస్తుంది, దానికి తగిన గుడ్డ ఎంచుకోవడం కూడా వాళ్లకు తెలుసు. "స్నానం చేసేటప్పుడు తీస్తావా?", "నీ జుట్టెలా ఉంటుందో ఒక్కసారి చూపించవా?", "మీ ఆయన కట్టుకోమన్నాడా?", ఇవి నోట్లోంచి రాకూడనివి. సిక్కు కుర్రాణ్ణి "జుట్టు ఎప్పుడూ కత్తిరించవా? ఎంత పొడుగుంది?" అని పదిమందిలో ఆరా తీయడం కూడా ఇంతే.

అడగొచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. అదే మోతాదు పరిచయం ఉన్న ఇంకొకర్ని వాళ్ల ఒంటి గురించి, కాపురం గురించి మీరు అలా అడుగుతారా? అడగరంటే ఇక్కడా వద్దు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి, అవి పనికొచ్చే ప్రశ్నలు. "మీటింగ్ మధ్యలో ప్రార్థన సమయం వస్తే ముందే చెప్పండి, బ్రేక్ అప్పుడు పెట్టుకుందాం." "టీమ్ ఫొటో తీసుకుంటున్నాం, మీకు ఫర్వాలేదా?" "మా ఇంటికి వస్తున్నారు కదా, మావారూ, తమ్ముడూ కూడా ఉంటారు, మీకు ఇబ్బంది లేదుగా?" వీటికి జవాబు అవునో కాదో రెండు ముక్కల్లో వస్తుంది, అవతలి వాళ్లు తమ మతాన్ని సమర్థించుకుంటూ కూర్చోవాల్సిన అవసరం ఉండదు.

పరిచయం ముదిరాక, తీరిగ్గా ఉన్నప్పుడు, "మీకు చెప్పడం ఇష్టమైతేనే, ఇది ఎప్పుడు మొదలుపెట్టారు?" అని అడగొచ్చు. 'ఎందుకు' కంటే 'ఎప్పుడు' నయం. ఎప్పుడు అంటే కథ చెబుతారు, ఎందుకు అంటే సంజాయిషీ ఇస్తారు.

మెచ్చుకోలు విషయంలో కూడా కాస్త జాగ్రత్త. "ఈ రంగు మీకు బాగుంది" అనండి, ఎవరైనా సంతోషిస్తారు. "ముసుగులో కూడా ఎంత అందంగా ఉన్నారో!" అనకండి. ఆ 'కూడా' దగ్గరే మెచ్చుకోలు కాస్తా చెడిపోతుంది.

5. చెయ్యి, చూపు, కెమెరా

చెయ్యి కలపడం దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. ఆర్థడాక్స్ యూదుల్లోనూ ముస్లింలలోనూ చాలామంది పరాయి స్త్రీ పురుషుల్ని తాకరు. అందరూ కాదు. మీరు మగవాళ్లై వాళ్లు ఆడవాళ్లయినా, మీరు ఆడవాళ్లై వాళ్లు మగవాళ్లయినా ముందుగా చెయ్యి చాచకండి. చిరునవ్వుతో కాస్త తల వంచండి. వాళ్లు చెయ్యి చాస్తే కలపండి. మీరు అప్పటికే చాచేసి, ఆమె తన చేతిని గుండె మీద పెట్టుకుంటే, మీరూ అలాగే గుండె మీద పెట్టుకుని నమస్కరించండి. అంతటితో అయిపోతుంది. "అయ్యో, సారీ, నాకు తెలియదు, మీ మతంలో..." అంటూ సాగదీస్తే చిన్న విషయం కాస్తా పదిమంది చూసే తతంగమవుతుంది.

తలపాగా గానీ హిజాబ్ గానీ తాకొద్దు, సరదాకైనా. ఎందుకో దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. హిజాబ్ కట్టుకునేవాళ్లలో చాలామంది ముందు జుట్టు మొత్తం వెనక్కి ముడేసి, బిగుతుగా ఉండే లోపలి టోపీ ఒకటి పెట్టుకుంటారు, పైగుడ్డ జారకుండా పట్టి ఉంచేది అదే. దాని మీద పైగుడ్డను ఒకవైపు పొట్టిగా, రెండోవైపు పొడుగ్గా వేసి, గడ్డం కింద పిన్నో అయస్కాంతం బిళ్లో పెడతారు. పొడుగు అంచును మెడ చుట్టూ తిప్పి చెవి దగ్గర ఇంకో పిన్నుతో బిగిస్తారు. ఎవరైనా చనువుగా ఒక కొస లాగితే ఆ పిన్ను నేరుగా గొంతు దగ్గర గుచ్చుకోవచ్చు. బడిలో పిల్లలు సరదాకి అని ఇలా లాగినప్పుడు టీచర్లు నవ్వి ఊరుకోకూడదు. సిక్కు పిల్లల పట్కా లాగడం కూడా అదే కోవలోది. అతని దృష్టిలో అది నెత్తిన కొట్టినట్టే.

స్కార్ఫ్ జారి జుట్టు కనబడుతోందనుకోండి. మీరు ఆడవాళ్లయితే దగ్గరికెళ్లి నెమ్మదిగా చెప్పండి. మగవాళ్లయితే చూపు తిప్పుకోండి, లేదా పక్కనున్న ఆడమనిషితో చెప్పించండి.

ఫొటోల దగ్గర ఆమిష్‌లు ఇంకాస్త పట్టింపుగా ఉంటారు, కెమెరా ముందు ముఖం చూపిస్తూ నిలబడటం వాళ్లలో చాలామందికి సమ్మతం కాదు. టూరిస్టుగా వెళ్లినప్పుడు దూరం నుంచి జూమ్ చేసి తీయడం కూడా అదే లెక్కలోకి వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే ఉన్న వేడుకలో హిజాబ్ తీసి కూర్చున్న స్నేహితురాలి ఫొటో తీశారా? గ్రూపులో పెట్టేముందు ఆమెను అడగాలి. ఎందుకంటే ఆ గ్రూపులో మగవాళ్లున్నారు. ఇది చాలామందికి తట్టదు, ఎక్కువ మనస్పర్థలు వచ్చేది ఇక్కడే.

6. ఆసుపత్రి, ఆఫీసు, ఆటస్థలం

మీరు నర్సో, డాక్టరో, ల్యాబ్ టెక్నీషియనో అయితే ఈ భాగం మీకోసమే. నియమం ఒకటే. ఏం చేయబోతున్నారో ముందు చెప్పండి, అవసరమైనంత మేరకే తీయమనండి. బీపీ చూడాలంటే చెయ్యి ఒక్కటే చాలు. "బట్టలు మార్చుకుని గౌను వేసుకోండి" అనే ముందు తల మీద గుడ్డ ఉంచుకోవచ్చో లేదో మీరే చెప్పేయండి, ఆమె అడిగేదాకా ఆగకండి. స్కానింగ్‌లో లోహం ఉండకూడదు కాబట్టి పిన్నులు తీయాలి, అప్పుడు పిన్నులు లేకుండా తలకు తొడుక్కునే శుభ్రమైన సర్జికల్ టోపీ ఇస్తే సరిపోతుంది. పరీక్ష చేసే మనిషి ఆడో మగో ఎంచుకునే వీలుంటే అడగండి, లేకపోతే ఆ మాటే మెత్తగా చెప్పి, గదిలో ఇంకో ఆడమనిషి ఉండేలా చూడండి. తలుపు తట్టి, ఒక్క క్షణం ఆగి లోపలికి రావడం ఖర్చులేని పని. ఆ క్షణంలో ఆమె గుడ్డ సర్దుకుంటుంది.

సిక్కు రోగికి తలకు ఆపరేషన్ అయితే జుట్టు తీయాల్సిన మేర ఎంతో ముందుగా కూర్చోబెట్టి చెప్పాలి. ఒంటి మీద వెంట్రుకలు తీయకపోవడం వాళ్ల అయిదు మతచిహ్నాల్లో ఒకటైన కేశ్. చెప్పకుండా గొరగడం, అది ప్రాణం కాపాడటానికే అయినా, తర్వాత పెద్ద గొడవకు దారితీస్తుంది.

ఆఫీసులో యూనిఫాం ఉంటే చిక్కు తేలికగానే తీరుతుంది, అదే రంగు గుడ్డతో తలకప్పు. యంత్రాల దగ్గర వేలాడే కొసలు ప్రమాదం, ఆ మాట నిజం. అక్కడ గుడ్డను కాలర్ లోపలికి దోపడం, లేదా వేలాడే కొసలు లేకుండా తలకు అతుక్కుని ఉండే రకాన్ని వేసుకోమనడం భద్రత మాటే. "మా కస్టమర్లకు బాగుండదు" అన్నది మాత్రం భద్రత కాదు, సాకు. అమెరికాలో ఒక బట్టల కంపెనీ తలగుడ్డ తమ 'లుక్'కు సరిపోదని ఒక ముస్లిం అమ్మాయికి ఉద్యోగం ఇవ్వలేదు. ఆమె తన మతం గురించి నోరు విప్పి చెప్పలేదు కాబట్టి మాకు బాధ్యత లేదని కంపెనీ వాదించింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది.

హెల్మెట్ విషయానికొస్తే, బ్రిటన్ 1976లోనే తలపాగా కట్టిన సిక్కులకు మోటార్ సైకిల్ హెల్మెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. మన మోటారు వాహనాల చట్టంలోనూ 129వ సెక్షన్ ఆ మినహాయింపే ఇస్తుంది.

ఆటల్లో కూడా దారి తెరుచుకుంది. ఫిఫా 2014లో తలకప్పును అధికారికంగా అనుమతించింది. బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2017లో ఆ పని చేసింది. మీ బడి జట్టు కోచ్ "రూల్స్ ఒప్పుకోవు" అంటే, ఏ రూల్ అని ఒకసారి చూపించమనండి.

7. వాళ్ల ప్రార్థనా స్థలానికి మీరు వెళ్తుంటే

ఇప్పుడు కప్పుకోవాల్సింది మీరు. ప్రతి చోటా నియమం గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి సంచిలో ఈ మూడూ వేసుకోండి: రెండు మీటర్ల పల్చటి కాటన్ గుడ్డ, మడమల దాకా వచ్చే వదులు ప్యాంటో లంగానో, ఒక జత మేజోళ్లు. ఆ గుడ్డ ఒకచోట తలకు, ఒకచోట భుజాలకు, ఒకచోట నడుముకు పనికొస్తుంది. జారిపోయే సిల్కు గుడ్డ తేవద్దు, లోపలున్నంతసేపూ దాన్ని పట్టుకుని కూర్చోవడమే సరిపోతుంది.

వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. ఎండాకాలంలో గంటల తరబడి క్యూలో నిల్చుని, చివర్లో షార్ట్స్ వల్ల వెనక్కి రావడం చాలామంది టూరిస్టులకు జరిగేదే. గ్రీస్‌లో కొండశిఖరాల మీద ఉన్న మెటియోరా మఠాలకు ఆడవాళ్లు ప్యాంటుతో వెళ్తే ద్వారం దగ్గర పైన చుట్టుకోవడానికి లంగా ఇస్తారు. రష్యన్ ఆర్థడాక్స్ చర్చిలో ఆడవాళ్లు తలకు గుడ్డ కట్టుకుంటారు, మగవాళ్లు టోపీ తీస్తారు. అబుధాబీలోని షేక్ జాయెద్ మసీదులో ఆడవాళ్లు జుట్టు కప్పి, మడమల దాకా వదులైన బట్టలు వేసుకోవాలి. బాలి ఆలయాల్లో నడుముకు సరోంగ్ చుట్టి దాని మీద నడికట్టు కట్టాలి, మగవాళ్లకూ అంతే. మయన్మార్‌లోని యాంగాన్ నగరంలో ఉన్న ష్వేడగోన్ పగోడా అనే బౌద్ధ ఆలయంలో చెప్పులే కాదు, మేజోళ్లు కూడా విప్పాలి. ఎండలో నేల కాలిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది. జెరూసలేంలోని పశ్చిమ గోడ దగ్గర మగవాళ్లకు తల మీద పెట్టుకునే చిన్న టోపీలు అక్కడే ఇస్తారు.

గురుద్వారాలో ఎలా చేయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ అందరికీ స్వాగతం ఉంటుంది, తప్పులు కూడా అక్కడే ఎక్కువ జరుగుతాయి. సిగరెట్, గుట్కా జేబులో ఉంటే బయటే వదిలేయండి. చెప్పులు విప్పి, చేతులు కడుక్కోండి. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో ద్వారం దగ్గర పారే నీళ్లలో పాదాలు తడుపుకుంటూ లోపలికి నడవాలి. క్యాప్ పెట్టుకుంటే సరిపోదు. మగవాళ్ల కోసం ద్వారం దగ్గర చదరపు రుమాళ్లు ఉంటాయి. దాన్ని మూలకు మూల మడిచి త్రికోణం చేసి, మడత అంచు కనుబొమల పైన నుదుటికి ఆనించి, రెండు కొసలూ చెవుల మీదుగా వెనక్కి తీసుకెళ్లి, వేలాడే మూడో మూల మీదుగా ముడి వేయండి. మూడో మూలను ముడి కిందికి దోపేస్తే గాలికి ఎగరదు. ఆడవాళ్లు చున్నీనో కొంగునో నెత్తి మీదికి తెచ్చుకుంటే చాలు, జారకుండా ఒక పిన్ను పెట్టుకోండి. లోపల సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు. నమస్కరించడం మీ ఇష్టం, తల మీద గుడ్డ మాత్రం బయటికి వచ్చేదాకా తీయొద్దు. లంగర్‌లో, అంటే అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే పంక్తిలో, భోజనం చేసేటప్పుడు కూడా అలాగే ఉండాలి.

మసీదులో ప్రార్థన చేస్తున్న మనిషికి ఎదురుగా నడవకండి, వెనక నుంచి తిరిగి వెళ్లండి.

లోపల కప్పుకున్నంత మాత్రాన ఆ మతం ఒప్పుకున్నట్టు కాదు. ఇది కొందరికి నిజంగానే మనసులో ముల్లులా ఉంటుంది. మీ నమ్మకం అందుకు ఒప్పుకోకపోతే బయటే ఆగిపోవడం పూర్తిగా గౌరవమైన పనే. లోపలికి వెళ్లి తల మీద గుడ్డను వేలితో తిప్పుతూ సెల్ఫీలు తీసుకోవడం కంటే అది మేలు.

ఇక్కడే ఇంకో మాట. ఏటా ఫిబ్రవరి 1న ప్రపంచ హిజాబ్ దినమని, ముస్లిమేతరులు కూడా ఒకరోజు కట్టుకునే కార్యక్రమం 2013 నుంచి జరుగుతోంది. సంతోషంగా పాల్గొనే ముస్లిం స్త్రీలున్నారు, గట్టిగా వ్యతిరేకించే ముస్లిం స్త్రీలూ ఉన్నారు. మిమ్మల్ని పిలిచిన స్నేహితురాలి కోసం వెళ్లండి, అంతేకానీ ఒకరోజు కట్టుకుని "నాకంతా అర్థమైంది" అని పోస్టు పెట్టకండి. ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి సన్యాసిని ముసుగో, సిక్కు తలపాగానో, బురఖానో వేయించడం మాత్రం మానేయాలని నా గట్టి అభిప్రాయం. ఆ గుడ్డను నిజంగా కట్టుకునే పిల్లలు అదే హాల్లో కూర్చుని ఉంటారు.

8. చట్టం ఏం చెబుతుందో ముందే చూసుకోండి

దేశం మారితే నియమం తలకిందులు అవుతుంది. ఫ్రాన్స్ 2004 చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు పెట్టుకోకూడదు. హిజాబ్, తలపాగా, యూదుల టోపీ, పెద్ద శిలువ అన్నీ అందులోకి వస్తాయి. బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవడంపై నిషేధం 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మన దేశంలో విద్యాసంస్థల్లో హిజాబ్ గురించి కర్ణాటక హైకోర్టు 2022 మార్చి 15న నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పడంతో, తగిన ధర్మాసనం ఏర్పాటు కోసం విషయం ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది.

పిల్లల్ని విదేశీ బడిలో చేర్చేటప్పుడో, ఉద్యోగానికి వెళ్లేటప్పుడో ఈ నియమాలు చేరకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. పాస్‌పోర్ట్ ఫొటోకు మతపరమైన తలకప్పు చాలా దేశాల్లో ఒప్పుకుంటారు. గడ్డం నుంచి నుదుటి దాకా ముఖం స్పష్టంగా కనబడాలి, గుడ్డ నీడ ముఖం మీద పడకూడదు. విమానాశ్రయం తనిఖీలో తలకప్పు తీయమంటే విడి గదిలో, ఆడవాళ్లకైతే ఆడ అధికారి దగ్గరే అని అడిగే అవకాశం చాలాచోట్ల ఉంటుంది. గొంతు పెంచక్కర్లేదు, ఒక వాక్యం చాలు. మీరు వెనక క్యూలో ఉన్నవాళ్లయితే వాచీ చూసుకుంటూ నిట్టూర్చకండి.

9. ఎదురుగా ఎవరినైనా వేధిస్తుంటే

బస్సులోనో రైల్లోనో ఒకడు ఆమె ముసుగు గురించి, లేదా అతని తలపాగా గురించి వెకిలిగా మాట్లాడుతున్నాడు. వాడితో వాదనకు దిగాలనిపిస్తుంది. సాధారణంగా అది మంట ఎగదోస్తుంది, పైగా అందరి కళ్లూ బాధితురాలి మీదే పడతాయి. అంతకంటే నయమైన దారి ఉంది. వెళ్లి ఆమె పక్కన కూర్చోండి, లేదా ఆమెకూ వాడికీ మధ్య నిలబడండి. "ఈ బస్సు స్టేషన్‌కి వెళ్తుందాండీ?" అని మామూలు విషయం ఏదైనా మాట్లాడటం మొదలుపెట్టండి. వాడి వైపు చూడకండి. మాట వినేవాళ్లు లేకపోతే చాలాసార్లు వాడి నోరు దానంతటదే మూతపడుతుంది. చెయ్యి చేసుకునేలా ఉంటే కండక్టర్‌నో, గార్డునో, పోలీసునో వెంటనే పిలవండి.

దిగే ముందు ఆమెను అడగండి: "మీతో కాసేపు ఉండమంటారా? ఫిర్యాదు ఇస్తారా?" ఇవ్వనంటే బలవంతం చేయొద్దు. ఇస్తానంటే సాక్షిగా మీ పేరు, నంబర్ రాసివ్వండి. వీడియో తీసి ఉంటే దాన్ని ఎక్కడా పెట్టకండి, ముందు ఆమెకు పంపండి. దాన్ని ఎవరికి చూపించాలన్నది ఆమె ఇష్టం.